మెల్‌బోర్న్ తలుపుకు నల్లగొండ కాపలా

ఆ శనివారం ఉదయం ఇస్రాయేలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. అబ్దుల్ ఖాదర్ మోటారుసైకిలు వెనక కూర్చొని మోత్కూరు మార్కెట్టుకు పోవాలి, ఏడాదికి సరిపడా కందులు కొనాలి, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి. జనవరి నెల కావడంతో కొత్త కందులు అప్పుడప్పుడే దిగుతున్నాయి. ఆయన సంచులు మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎడమ చెప్పు వేసుకున్నాడు. కుడి చెప్పులో కాలు పెట్టబోతుండగా జేబులో ఫోను మోగింది. ఆ రెండో చెప్పు కూడా వేసుకొని ఉంటే ఆయన బండి మీద ఉండేవాడు, బండి చప్పుడులో ఫోను వినిపించేది కాదు, భూగోళానికి అవతలి చివర ఒక వీధి వీధంతా ఆ మధ్యాహ్నం సుఖంగా కునుకు తీసేది.

మోగింది ఫోనే అయినా, పిలిచింది మనిషి కాదు. ఒక తలుపు. ఆ తలుపు మెల్‌బోర్న్ నగరపు శివారులో, ఇస్రాయేలు కూతురు మెర్సీ కిరాయికి ఉంటున్న ఇంటికి ఉంది. గుమ్మం మీద దించిపోయిన పార్శిళ్లు నెలరోజులుగా మాయమవుతున్నాయని, అల్లుడు నవీన్‌కుమార్ మొన్న గురువారమే దానికి కెమెరా ఉన్న బెల్లు బిగించాడు. ఎవరైనా గుమ్మం ముందుకు వస్తే అందులో నీలిదీపం వెలుగుతుంది, దానికి కలిపిన ఫోను మోగుతుంది, వచ్చిన మనిషి బొమ్మ అందులో కనబడుతుంది, ఫోనులో మాట్లాడితే ఆ మాట గుమ్మంలో వినబడుతుంది. ఇంతవరకు ఏర్పాటు బాగానే ఉంది. కానీ నవీన్‌కుమార్ ట్రాము నడుపుతాడు, డ్యూటీలో ఫోను ముట్టరాదు. మెర్సీ నర్సు, వార్డులోకి పోయేముందు ఫోను బీరువాలో పెట్టి తాళం వేయాలి. తలుపును చూసే తీరిక ఉన్న మనిషి ఆ కుటుంబంలో ఒక్కరే మిగిలారు. ఆయన నల్లగొండలో ఉన్నాడు.

పైగా ఆయనకు ఆ పనిలో అనుభవం ఉంది. పదవీ విరమణ చేసేదాకా నందికొండలో డ్యామ్ కంట్రోల్ రూము గేటు దగ్గర పాసులు తనిఖీ చేసినవాడు ఇస్రాయేలు. మంత్రిగారి బావమరిదిని సైతం పాసు లేదని ఎండలో నిలబెట్టిన చరిత్ర ఆయనది. విదేశీ యాత్రికులను అడగడానికి ఆయన దగ్గర మూడు ఇంగ్లీషు మాటలు ఉండేవి. నేమ్, పర్పస్, పాస్. ఆ మూడింటితోనే ఆయన సర్వీసంతా మచ్చ లేకుండా గడిచింది.

ఇక ఆ శివారు సంగతి. రెండో ప్రపంచయుద్ధం తరువాత పోలండు నుంచి, హంగేరీ నుంచి ప్రాణాలు మిగుల్చుకొని వచ్చిన యూదులు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, ప్రార్థనా మందిరాలు కట్టుకున్నారు, రొట్టెల దుకాణాలు తెరిచారు. వాళ్ల తరువాత గ్రీకులు వచ్చారు, వియత్నాం వాళ్లు వచ్చారు, పంజాబీలు వచ్చారు, చిట్టచివర నల్లగొండ వాళ్లు వచ్చారు. మూలమీది రొట్టెల దుకాణానికి ఇప్పటికీ పాత యూదు పేరే ఉంది, పొయ్యి దగ్గర మాత్రం వియత్నాం ఆవిడ ఉంటుంది. శుక్రవారం పొద్దుగూకగానే సగం వీధి తన బండ్లన్నీ ఆపి ఇంట్లో కూర్చుంటుంది, మిగతా సగం అప్పుడే బండ్లు తీసి షికారుకు బయలుదేరుతుంది. ఏ సగమూ రెండో సగాన్ని ఎందుకని అడగదు.

మెర్సీ ఉండే ఇల్లు ఒకే కప్పు కింద రెండు వాటాలు. రెండో వాటాలో ఇంటి యజమాని మెండెల్, ఆయన భార్య రివ్కా ఉంటారు. మెండెల్ నిష్ఠాపరుడైన యూదుడు. శుక్రవారం సాయంత్రం మొదలుకొని శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్లకు విశ్రాంతిదినం గనుక ఆయన స్విచ్చు నొక్కడు, మరొకరిని నొక్కమని అడగడు కూడా. అయితే ఎవరైనా తమంతట తాము గ్రహించి నొక్కితే అది ఆయన తప్పు కాదు. అందుచేత దీపం ఆరిపోయిన శనివారం ఆయన మెర్సీ గుమ్మం ముందుకు వచ్చి, ఆకాశంలోకి చూస్తూ, తమ ఇంట్లో ఈ వేళ ఎంత చీకటిగా ఉందో కదా అంటాడు. మెర్సీ ఏమీ అనకుండా పోయి స్విచ్చు వేసి వస్తుంది. ఇది ఆమెకు ఎంతగా అలవాటైపోయిందంటే, తల్లిదండ్రులతో ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు. శుక్రవారం ఫోను చేసినప్పుడు ఆమె చెప్పింది వేరే సంగతి.

"నాయినా, గీ రెండు రోజులు జర పైలం. ఆదివారం ఇంటాయన వచ్చి కిరాయి పొడిగిస్తడో లేదో చెప్తడు. ఆయన అన్నకొడుకు ఈ ఇల్లు కావాలంటుండట. ఇది పోతే పోరని బడికి, నా దవాఖానకు దగ్గర ఇంకో ఇల్లు దొరకది. ఏం గడబిడ కావద్దు."

"నేనుండంగ గడబిడ ఎందుకైతది బిడ్డా," అన్నాడు ఇస్రాయేలు.

కాబట్టి శనివారం ఉదయం ఫోను మోగినప్పుడు ఆయన మనసులో కందులు లేవు. కూతురి కిరాయి ఇల్లు ఉంది. నల్లగొండలో పది గంటలు. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మూడున్నర, నడివేసవి, కాకులు కూడా బయటికి రాని ఎండ.

"ఏమయ్యా, ఇంక కదలలేదా? ఖాదర్ భాయ్ బండి చాలు జేసి ఎంతసేపాయె," అంది భార్య బాలనర్సమ్మ వంటింట్లోంచి.

"ఆగే. తలుపు దగ్గర ఎవడో ఉన్నడు."

"ఏ తలుపు? మన తలుపు దగ్గర ఖాదర్ భాయే ఉన్నడు."

"మెర్సీ తలుపు!"

ఖాదర్ బండి ఆపి లోపలికి వచ్చాడు. ఆయన నందికొండలోనే ప్రాజెక్టు జీపు నడిపినవాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగం దిగిపోయి, నల్లగొండ శివారులో పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నారు. ఇద్దరూ ఫోను మీదికి వంగారు.

గుమ్మం ముందు ఒక ముసలాయన ఉన్నాడు. తెల్లటి గడ్డం, నల్లటి టోపీ, అంత ఎండలోనూ మోకాళ్లదాకా నల్లకోటు. బెల్లులోని నీలిదీపం వెలగగానే నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు. బొమ్మలోంచి మాయమయ్యాడు. కాసేపటికి టోపీ అంచు మాత్రం ఒక మూల కనబడింది. మళ్లీ నీలిదీపం వెలిగింది. టోపీ మళ్లీ మాయమైంది.

ఆయనే మెండెల్. దానంతటదే నడిచేలా శుక్రవారం మధ్యాహ్నమే టైమరు పెట్టి ఉంచిన ఆయన ఏసీ, శనివారం మధ్యాహ్నం కరెంటు ఒక్కసారి పోయి రావడంతో ఆగిపోయింది. మెర్సీకి సూచన చేద్దామని వచ్చాడు. కొత్త బెల్లు సంగతి ఆయనకు తెలియదు. తాను అడుగు వేసినందుకు దీపం వెలిగితే తాను దీపం వెలిగించినట్టే గనుక, కెమెరా కంటపడకుండా గోడవారనే జరుగుతూ మెర్సీ కిటికీ చేరాలని ప్రయత్నిస్తున్నాడు. ఇదంతా ఆయన ధర్మం ప్రకారం అత్యంత సక్రమమైన నడవడి. నల్లగొండ నుంచి చూసేవాళ్లకు వేరుగా కనబడింది.

"చూసినవా భాయ్? కెమెరా జూసి దాసుకుంటుండు. మంచోడైతే ఎందుకు దాసుకుంటడు?"

"గంత ఎండల కోటేందన్నా? కోటు లోపట ఏం పెట్టుకొచ్చిండో."

ఇస్రాయేలు ఒంటికాలి చెప్పుతోనే కుర్చీలో కూర్చొని గొంతు సవరించుకున్నాడు. మాట్లాడే మీట నొక్కి, ముప్పై ఏళ్ల అలవాటు ప్రకారం అడిగాడు.

"నేమ్?"

మెండెల్ ఉలిక్కిపడ్డాడు. తలుపు వెనక ఎవరో పెద్దమనిషి ఉన్నాడని సంతోషించి, కెమెరాకు దూరంగా గడ్డిలో నిలబడి పేరు చెప్పాడు. ఆ పేరు ఇస్రాయేలు ఎన్నడూ వినలేదు. మెర్సీ ఇంటాయన అనడమే తప్ప పేరు చెప్పి ఎరగదు.

"పర్పస్?"

తనకు పనేమీ లేదని, తనకు ఎవరి నుంచీ ఏమీ అక్కర్లేదని మెండెల్ గట్టిగా చెప్పాడు. తమ ఇంట్లో ఈ వేళ చాలా వేడిగా ఉందని మాత్రం అంటున్నానన్నాడు. యాత్రికుల దగ్గర చెవినపడ్డ ఇంగ్లీషునంతా కూడగట్టుకొని, ఎవరితో అంటున్నారని ఇస్రాయేలు అడిగాడు. ఎవరితోనూ కాదు, ఈ నిమ్మచెట్టుతో అంటున్నానని మెండెల్ జవాబిచ్చాడు.

"చెట్టుతోని మాట్లాడుతుండా?" అన్నాడు ఖాదర్. "అన్నా, గీడు దొంగ కాదు, పిచ్చోడు. పోదాం పా, కందులు అయిపోతయ్."

"పిచ్చోడు కెమెరా సంగతి ఎట్ల తెలుసుకుంటడు భాయ్? దొంగే. పిచ్చోని లెక్క ఏషమేసిండు. ఇంట్ల ఎవరన్న ఉన్నరా లేరా అని చూస్తుండు." ఇస్రాయేలు మళ్లీ మీట నొక్కాడు. "పాస్?"

మెండెల్‌కు ఈ ప్రశ్న అర్థం కాలేదు. అసలు తమరెవరని వినయంగా అడిగాడు.

"ఐ యామ్ ఇస్రాయేల్," అన్నాడు ఇస్రాయేలు, తన పేరులో దాచవలసినది ఏమీ లేదు గనుక.

ఈ ఒక్కమాటతో మెండెల్ స్థితి మరింత చిక్కులో పడింది. ఆ పేరుగలవాడు యూదుడై ఉండాలి. యూదుడైతే అతడికి సూచన చేయడం కూడా తప్పు, ఎందుకంటే అతడూ స్విచ్చు నొక్కకూడదు. అంతలో గొంతు తలుపు వెనకనుంచి కాదు, బెల్లులోంచి వస్తోందని గ్రహించాడు. అంటే విశ్రాంతిదినాన ఒక యూదుడు యంత్రంలోంచి మాట్లాడుతున్నాడు, అందులోకి తానూ మాట్లాడేశాడు. మెండెల్ రెండు చేతులతో నోరు మూసుకొని, గోడవారనే వీధిలోకి పరుగెత్తాడు.

"నా పేరు జెప్పంగనే ఉరికిండు," అన్నాడు ఇస్రాయేలు తృప్తిగా. "నందికొండల గూడ గంతే ఉండె."

"ఉరికిండు గదా. ఇగ నువ్వు గూడ ఉరుకు. ఇంట్ల పప్పు అడుగంటింది," అంది బాలనర్సమ్మ.

ఆయన కుడి చెప్పులో కాలు పెట్టాడు. ఫోను మళ్లీ మోగింది.

ఇప్పుడు ముగ్గురు ఉన్నారు. ముగ్గురివీ నల్లకోట్లే, ముగ్గురివీ గడ్డాలే. ఈ క్లిష్టమైన ధర్మసందేహం ఒంటరిగా తీర్చుకోలేక మెండెల్ ప్రార్థనా మందిరం నుంచి ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొచ్చాడు. గేటు దగ్గర నిలబడి ముగ్గురూ ఇంటివైపు వేళ్లు చూపిస్తూ వాదించుకుంటున్నారు. ఒకాయన నీలిదీపం పరిధి ఎంతదాకా ఉందో అంచనా వేయడానికి గడ్డిలో చేతులు చాపి కొలుస్తున్నాడు. మరొకాయన మెర్సీ ఇంట్లో ఉందేమో చూడటానికి కిటికీ కిందికి వంగి పాకుతున్నాడు.

"ఇగ జూడు! కిటికీ కొలుస్తున్నరు!" ఇస్రాయేలు ఫోనును కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. "ఇల్లంత ఊడ్చుకపోతరు. రేపు ఇంటాయన వచ్చి, తలుపు గూడ కాపాడుకోలేనోళ్లకు నేనెందుకు కిరాయికియ్యాలె అంటడు. పిల్ల సామాను పట్టుకొని రోడ్డు మీద పడ్తది."

మెర్సీకి ఫోను చేశారు. బీరువాలో మోగింది. నవీన్‌కుమార్‌కు చేశారు. స్విచ్ఛాఫ్. ఈలోగా పక్కింటి అండాలు కొత్తిమీర ఇవ్వడానికి వచ్చి, ఫోను వైపు ఒకసారి చూసి, కొత్తిమీర చేతిలో పట్టుకొనే వెనుదిరిగింది. ఆమె మొదటి ఇంటి దగ్గర మెర్సీ ఇంటికి దొంగలొచ్చారని చెప్పింది. నాలుగో ఇల్లు చేరేసరికి దొంగలు లోపలికి జొరబడ్డారు. వీధి చివరికి వచ్చేసరికి మెర్సీని కుర్చీకి కట్టేశారు. కాలనీ సగం ఇస్రాయేలు వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎవరో వందకు ఫోను చేశారు. దొంగలు పడ్డారని మాత్రం చెప్పారు, ఏ ఊర్లో అన్నది ఆ తొందరలో ఎవరూ చెప్పలేదు.

పోలీసు బండి నిజంగానే వచ్చింది. అందులోంచి దిగిన కానిస్టేబుల్ పర్వతాలు లాఠీ చంకలో పెట్టుకొని జనాన్ని పక్కకు జరిపాడు.

"దొంగలేరి? ఎటు వోయిన్రు?"

"ఎటు వోలేదు సార్, ఆడనే ఉన్నరు," అని ఖాదర్ ఫోను చూపించాడు.

"ఇది ఏ కాలనీ?"

"మెల్‌బోర్న్ సార్."

పర్వతాలు ఒకసారి ఫోను వైపు, ఒకసారి జనం వైపు చూశాడు. "అది మా లిమిట్స్‌ల రాదు."

"రాకపోతే ఏంది సార్, నా బిడ్డ ఇల్లు సార్!" అంటూ ఇస్రాయేలు ఆవేశంలో ఫోను మీద ఉన్న ఎర్రటి మీటను నొక్కాడు. ఆ మీట ఏం చేస్తుందో నవీన్‌కుమార్ చెప్పే ఉన్నాడు, అవసరమైతే తప్ప నొక్కవద్దనీ చెప్పాడు. ఇంతకు మించిన అవసరం మరొకటి ఉంటుందని ఇస్రాయేలుకు తోచలేదు.

మెల్‌బోర్న్‌లో సైరన్ మొదలైంది.

అది ఊరికే కూత కాదు. అగ్నిమాపక యంత్రం, అంబులెన్సు, రైలింజను మూడూ ఒకే గొంతుతో ఏడ్చినట్టుంటుంది. ముగ్గురు ముసలాయనలు చెవులు మూసుకున్నారు. దాన్ని ఆపడానికి వాళ్లకు వీల్లేదు, అదీ మీటే కదా. నల్లగొండలో ఆపుదామనుకున్నా ఫోను అప్పటికే నాలుగు చేతులు మారింది, చేతికొకరు ఏదో ఒకటి నొక్కారు, సైరన్ ఒక మెట్టు పైకి పోయిందే తప్ప తగ్గలేదు. నిర్మానుష్యంగా ఉన్న వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి గ్రీకు పెద్దాయన ఇల్లు అంటుకుందనుకొని తోటకు నీళ్లు పెట్టే పైపు పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు. రొట్టెల దుకాణం వియత్నాం ఆవిడ చేతిలో ఉన్న పొడుగాటి రొట్టె కింద పెట్టే తీరిక లేక దానితోనే వచ్చింది. పార్శిళ్లు పంచే పంజాబీ యువకుడు బండి నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాడు.

"ముఠా పెరిగింది," అన్నాడు పర్వతాలు, లిమిట్స్ సంగతి మరిచిపోయి. "ఆమె చేతుల కట్టె ఉన్నది."

"కట్టె గాదు సార్, రొట్టె," అంది బాలనర్సమ్మ.

"రొట్టె పట్టుకొని దొంగతనానికి ఎవరొస్తరమ్మా?"

"నేను గదే అంటున్న సార్. ఎవరొస్తరు?"

ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు. ఎందుకంటే ఆ క్షణంలోనే గ్రీకు పెద్దాయన, పొగ కనబడకపోయినా ముందుజాగ్రత్తగా, పైపు తిప్పి తలుపును తడిపాడు. తలుపు ముందున్న ముగ్గురూ తలుపుతోపాటు తడిశారు. నల్లగొండలో ఫోను నిండా నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"వాన పడుతుందా?" అన్నాడు ఖాదర్.

"వాన గాదు. కెమెరా మీద నీళ్లు గొడుతున్నరు. సాక్ష్యం లేకుండ జేస్తున్నరు," అని తేల్చిన పర్వతాలు ఇక ఓర్చుకోలేక ఫోను లాక్కున్నాడు. మాట్లాడే మీట నొక్కితే సైరన్ దానంతటదే ఆగుతుందని అందరికీ అప్పుడే తెలిసింది. "ఏయ్! యాడోళ్లు ఆడనే నిలబడుర్రి! చేతులు పైకి! కదిలితే ఒక్కొక్కని తోలు దీస్తా!"

ఆ వీధిలో తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆ గొంతుకు అనువాదం అవసరం లేకపోయింది. యూదులు ముగ్గురూ, గ్రీకాయనా, వియత్నాం ఆవిడా, పంజాబీ యువకుడూ ఒక్కసారిగా చేతులెత్తి బిగుసుకుపోయారు. గ్రీకాయన ఎత్తిన చేతిలో పైపు ఇంకా పారుతుండటంతో నీళ్లు ఇప్పుడు అందరి నెత్తిమీదా సమానంగా పడుతున్నాయి.

మొదట తేరుకున్నవాడు పంజాబీ యువకుడు. అటువంటి గొంతు అతను చిన్నప్పుడు లుధియానాలో విని ఉన్నాడు. చేతులు దించకుండానే కెమెరా దగ్గరికి వచ్చి, ఎవరు మాట్లాడుతున్నది అని హిందీలో అడిగాడు. ఖాదర్ ఆ మాట వినగానే ఫోను అందుకొని ఉర్దూలో జవాబిచ్చాడు. అప్పటినుంచి సంభాషణ సాఫీగా సాగింది. ఖాదర్ అక్కడి మాట ఇక్కడ తెలుగులో చెబుతూ వచ్చాడు.

"ఈ దొంగలెవరు బాబూ అని అడిగిన. దొంగలేంది, ఈ తెల్లగడ్డమాయన ఇంటి ఓనరు, పక్కవాటాల్నే ఉంటడు అంటున్నడు."

ఇస్రాయేలు కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"శనివారం వాళ్లు మీట నొక్కరట. నొక్కమని అడగరట. ఈయనకు ఏం కావాలె అని మనల్నే అడుగుతుండు."

"ఏం వద్దన్నడు," అన్నాడు ఇస్రాయేలు నీరసంగా. "వాళ్లింట్ల చాన వేడిగున్నదని చెట్టుకు చెప్పిండు."

ఆ మాట ఉర్దూలో ముగిసీ ముగియకముందే పంజాబీ యువకుడు నుదురు కొట్టుకొని పక్కవాటాలోకి పరుగెత్తాడు. కాసేపటికి నవ్వుతూ బయటికి వచ్చాడు. ఏసీ వేశాడు. లోపల రివ్కమ్మ బకెట్టు నీళ్లలో కాళ్లు పెట్టుకొని, తడిగుడ్డ నెత్తిన వేసుకొని కూర్చుంది. క్షేమంగానే ఉంది. ఇందాక బయట అరిచిన మనిషి ఎవరని మాత్రం రెండుసార్లు అడిగిందట.

పర్వతాలు టోపీ సర్దుకున్నాడు. "పెద్దమనిషి, ఓనరు తన ఇంటికాడికి తను వస్తే దొంగతనం కేసు కాదు," అని, బాలనర్సమ్మ ఇచ్చిన చాయ తాగి, బండెక్కి వెళ్లిపోయాడు. జనం కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. మెర్సీని కుర్చీకి కట్టేయలేదని తెలిసి కొందరికి కొంచెం నిరాశే కలిగింది.

మధ్యాహ్నం మెర్సీ ఫోను వచ్చింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. ఇస్రాయేలుకు అదే ఎక్కువ భయం వేసింది.

"నాయినా, ఇంటాయనను పైపుతోని తడిపిచ్చినవా?"

"నేను తడుపలేదు బిడ్డా. తడిపింది ఎదురింటాయన."

"సైరనెవరు కొట్టిన్రు?"

"సైరన్... నేనే."

"పోలీసోళ్లను ఎవరు పిలిచిన్రు?"

"అది మన కాలనీవోళ్లు. నేను గాదు."

"బాగున్నది. నేను మూడేండ్ల సంది ఆ ముసలాయన మనసు నొప్పియ్యకుండ ఉన్న. నువ్వు మూడు రోజులల్ల ఊరందరి ముందు దొంగను జేసినవ్. ఇగ సామాను సదురుకుంట." అవతల ఫోను పెట్టేసిన చప్పుడు అయింది.

ఆ రాత్రి ఇస్రాయేలు అన్నం తినలేదు. ఆదివారం చర్చికి తయారైనా బయలుదేరలేదు, బల్లమీద ఫోను పెట్టుకొని దాని ముందు కూర్చున్నాడు. పక్కన ఖాదర్ కూర్చున్నాడు. బాలనర్సమ్మ గడప మీద కూర్చుంది.

"మోగితే నువ్వు మాట్లాడకు," అంది ఆమె. "నేమ్, గీమ్ అన్నవంటే ఫోను బాయిల ఏస్త."

మోగింది. మెండెల్, రివ్కా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఆదివారం గనుక మెండెల్ ఈసారి వేలితో బెల్లు నొక్కి, కెమెరాలోకి తిన్నగా చూశాడు. ఇస్రాయేలు లేచి నిలబడి, చేతులు కట్టుకొని, తనకు తెలిసిన ఇంగ్లీషులో క్షమించమని వేడుకున్నాడు. మెర్సీ తలుపు తెరిచి బయటికి వచ్చింది. మాట్లాడింది రివ్కా. ఆమె చెప్పినదాన్ని మెర్సీ తెలుగులో చెప్పింది.

"ఆమె అంటున్నది, ప్రాణానికి కష్టమైనప్పుడు మీట వెయ్యమని నేరుగ అడగొచ్చు, శాస్త్రం ఒప్పుకుంటదని నిన్న ఏసీ ఆగినప్పటి సంది ఆయనకు చెప్పిందట. ఆయన వినలేదట. యాబై ఏండ్ల సంది ఆమె మాట ఏదీ వినలేదట. ఆగమంటే ఆగడట, కూసోమంటే కూసోడట." మెర్సీ కెమెరాకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది. "నిన్న మొదటిసారి, ఒక గొంతు ఏయ్ అనంగనే ఆయన చేతులెత్తి కట్టెలాగ నిలబడ్డడట. కిటికీల నుంచి చూసిందట. అట్లాంటి మనిషి ఉన్న ఇంటోళ్లను వదులుకోను, అన్నకొడుకు ఇంకో ఇల్లు చూసుకోనీ అంటున్నది. ఇల్లు ఆమె పేరు మీదనే ఉన్నదట నాయినా. నాకు గిప్పుడే తెలిసింది. ఇంకో మూడేండ్లు ఉండమంటున్నది."

ఖాదర్ నోరు తెరిచి, అరిచింది పర్వతాలు కదా అనబోయాడు. ఇస్రాయేలు ఆయన కాలు తొక్కాడు.

"ఆ గొంతు నీదేనా అని అడుగుతున్నది నాయినా."

"మా ఇంటి నుంచే వచ్చింది బిడ్డా," అన్నాడు ఇస్రాయేలు. అది అబద్ధం కాదు.

అప్పుడు మెండెల్ గొంతు సవరించుకున్నాడు. ఇంటి విషయంలో భార్య మాట చెల్లింది గనుక, ధర్మం విషయంలో తన మాట చెల్లవలసి ఉంది. కిరాయి కాగితంలో ఒక షరతు తన చేత్తో రాసి తెచ్చాడు. ప్రతి శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా ఆ బెల్లు ఆపి ఉంచాలి, నల్లగొండలోని పెద్దమనిషి ఆ వ్యవధిలో తలుపు వైపు చూడకూడదు, తలుపు గురించి విచారించకూడదు. మెర్సీ సంతకం పెట్టింది.

పదవీ విరమణ చేసిన తరువాత ఇస్రాయేలుకు మంజూరైన మొదటి వారాంతపు సెలవు అదే.